వంటగదిలో లైట్లు పెంచితే ఎంసీబీ పడిపోతుందా?

ఈసారి మీ ప్రశ్నలు చాలావరకు వంటగది చుట్టూనే తిరిగాయి. వెలుతురు చాలడం లేదన్నది అందరి గొడవ. కానీ కొత్త లైటు అనగానే "లోడు ఆగదు" అని ఎవరో ఒకరు అనేయడం, పని అక్కడికక్కడ ఆగిపోవడం. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయి లైను ఆపేసే స్విచ్. పొడుగాటి ప్రశ్నకు పొడుగ్గానే చెప్తాను, మిగతావాటికి వీలైనంత పొట్టిగా.

ప్రశ్న: మా వంటగది 10 అడుగులకు 10 అడుగులు ఉంటుందండీ. సీలింగ్ మధ్యలో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ఒకటే. గట్టు దగ్గర నిలబడితే నా నీడ నా చేతుల మీదే పడుతుంది. మా అత్తగారైతే పగలు కూడా "ఏమీ కనపడట్లేదమ్మా" అంటారు. సీలింగ్‌లో నాలుగు చిన్న లైట్లు, పై కబ్బోర్డుల కింద స్ట్రిప్ లైటు పెట్టిద్దామంటే ఎలక్ట్రీషియన్ "ఇప్పటికే మీ ఎంసీబీ పడిపోతోంది, ఇంకా లైట్లంటే ఆగదు, మెయిన్ నుంచి కొత్త లైను లాగాల్సిందే" అంటున్నాడు. మిక్సీ వేసినప్పుడు పడిపోతున్న మాట నిజమే. కొత్త లైను తప్పదా?

జవాబు: లైట్ల కోసమైతే అక్కర్లేదండీ. మిక్సీ కోసం కావాలేమో. ఈ రెండూ వేరే వేరే సంగతులు, ఆయన కలిపేసి చెప్పాడు.

ముందు లెక్క చూద్దాం. మీ పాత ట్యూబ్‌లైట్ 36 వాట్లది అయి ఉంటుంది, ఇనుప చోక్ తినేది కూడా కలిపితే 45 వాట్ల దాకా లాగుతుంది. దాని బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. నాలుగు సీలింగ్ లైట్లు ఒక్కొక్కటి 12 వాట్లనుకుంటే 48. స్ట్రిప్ మీటరుకు 10 వాట్ల చొప్పున 3 మీటర్లకు 30, దానికి కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్ అనే పెట్టె తినే కాస్త కలిపితే 35. మొత్తం 103 వాట్లు. 230 వోల్టుల మీద అది అర ఆంపియరు కూడా కాదు. చవకరకం ఎల్‌ఈడీల పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) బాగా తక్కువగా ఉంటుంది కాబట్టి కరెంటు దానికి రెట్టింపు లాగిందనే అనుకుందాం, అప్పుడు కూడా ఒక ఆంపియరు లోపే. లైట్ల లైనుకు సాధారణంగా 6 ఆంపియర్ల ఎంసీబీ ఉంటుంది, అంటే 1380 వాట్లు. అదే లైను మీద ఐదు ఫ్యాన్లు, మిగతా గదుల లైట్లు, టీవీ అన్నీ ఒకేసారి నడిచి ఓ 500 వాట్లు లాగుతున్నా, మీ కొత్త లైట్లన్నీ కలిశాక సగం కూడా నిండదు. పాత ఫిలమెంటు బల్బుల రోజుల్లో ఇదే వెలుతురుకు 600 వాట్లు పైనే అయ్యేవి, ఆ భయం ఇంకా చాలామందిలో అలాగే ఉండిపోయింది.

మరి ఎంసీబీ ఎందుకు పడుతోంది? స్విచ్ బోర్డులో లైటు స్విచ్ పక్కనే ఉండే చిన్న సాకెట్టు చాలా ఇళ్లలో లైట్ల లైను మీదే ఉంటుంది. మిక్సీ దానికే పెడతాం. 750 వాట్ల మిక్సీ ఒక్కటీ తిరిగేటప్పుడు 3.3 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు. అదే సమయంలో మరో సాకెట్టులో 1500 వాట్ల కెటిల్ ఉందంటే మొత్తం 2250 వాట్లు, దాదాపు 10 ఆంపియర్లు. పాపం 6 ఆంపియర్ల ఎంసీబీ ఏం చేస్తుంది, దాని పని అది చేస్తుంది.

మీ ఇంట్లో సరిగ్గా ఇదే జరుగుతోందో లేదో కనుక్కోవడం తేలికే. తీరిగ్గా ఉన్నప్పుడు ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి, డీబీ బాక్సులో (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ ఏది దించితే ఏవి ఆగిపోతున్నాయో కాగితం మీద రాసుకోండి. సాకెట్లకు ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే సరిపోతుంది. ఆ కాగితం బాక్సు తలుపు లోపల అంటించేయండి, రేపు ఏ ఎలక్ట్రీషియన్ వచ్చినా ముందు దాన్నే చూస్తాడు. మిక్సీ సాకెట్టు, లైట్లు ఒకే ఎంసీబీ కింద ఉన్నాయని తేలితే, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో వంటగది సాకెట్లకు విడిగా ఒక లైను లాగించుకోండి. అప్పుడు లైట్ల లైను ఊపిరి పీల్చుకుంటుంది, మిక్సీ మొరాయించినా చీకట్లో నిలబడాల్సిన పని ఉండదు.

పడిపోయే తీరు కూడా గమనించండి, అది చాలా చెప్తుంది. స్విచ్ వేసిన మరుక్షణం టప్పున పడితే ఎక్కడో షార్ట్ అయినా అయి ఉండాలి, లేదా మోటారు మొదలయ్యేటప్పటి ఒక్కసారి లాగుడైనా అయి ఉండాలి. అన్నీ వేసిన పావుగంటకో అరగంటకో పడితే అది ఓవర్‌లోడు. 6 ఆంపియర్ల ఎంసీబీ 6 దాటగానే పడదు, 1.45 రెట్లు అంటే 8.7 ఆంపియర్లకు చేరితే గంటలోపు పడాలి అన్నది దాని ప్రమాణం. ఎంసీబీ కాకుండా టెస్ట్ బటన్ ఉన్న ఆర్‌సీసీబీ పడుతుంటే అది లోడు గొడవే కాదు, కరెంటు ఎక్కడో లీక్ అవుతోంది, తడి తగిలిన సాకెట్టో పాడైన పరికరమో వెతకాలి.

ఇక వెలుతురు. ఇక్కడే డబ్బు ఎక్కువ వృథా అవుతుంది. మీ బాధ వెలుతురు తక్కువ కావడం ఒక్కటే కాదండీ, అది మీ వీపు వెనక నుంచి రావడం. సీలింగ్ మధ్యలో 20 తీసి 40 వాట్లు పెట్టినా నీడ ఇంకా నల్లగా పడుతుందే తప్ప గట్టు వెలగదు. తరిగే చోట 300 నుంచి 500 లక్సుల (లక్సు అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలత) వెలుతురు కావాలంటారు, నడిచే చోట 100 నుంచి 150 ఉన్నా చాలు. అందుకని సీలింగ్ లైట్లను గది మధ్యలో చతురస్రంగా కాకుండా గట్టు ముందు అంచుకు సరిగ్గా పైన వరసగా పెట్టించండి. గట్టు లోతు 60 సెంటీమీటర్లయితే గోడ నుంచి అంతే దూరంలో. పై కబ్బోర్డులు ఉన్నచోట మరి కాస్త ముందుకు జరపాలి, లేకపోతే వెలుతురంతా కబ్బోర్డు తలుపుల మీదే పడి ఆగిపోతుంది. స్ట్రిప్‌ను కబ్బోర్డు అడుగున గోడ వైపు కాకుండా ముందు అంచు వైపు, కళ్లలో కొట్టకుండా చిన్న పట్టీ అడ్డం ఉండేలా బిగించాలి. గోడ వైపు పెడితే గోడ టైల్స్ అందంగా మెరుస్తాయి, చాకు దగ్గర మాత్రం చీకటే. గట్టు రాయి నున్నగా ఉంటే స్ట్రిప్‌లోని ఒక్కో చుక్కా అందులో కనిపించి విసుగు పుట్టిస్తుంది, పాలరంగు కవరున్న అల్యూమినియం చట్రంలో పెట్టిస్తే ఆ బాధ ఉండదు.

అత్తగారి మాట తేలిగ్గా తీసుకోకండి. 60 ఏళ్ల వయసులో కంటి లోపలికి చేరే వెలుతురు 20 ఏళ్ల వయసులో చేరేదాంట్లో మూడో వంతే ఉంటుంది. మీకు సరిపోయిన లైటు ఆవిడకు నిజంగానే చాలదు. ఎక్కువ సేపు పని చేసే చోట 500 లక్సులకు తగ్గకుండా చూసుకోండి. ఫోన్‌లో లక్సు కొలిచే యాప్‌లు ఉన్నాయి, అవి కచ్చితంగా చెప్పవు గానీ ఈ మూలకూ ఆ మూలకూ తేడా ఎంతో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

ఇంకో చిన్న మాట, కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుతురు) చూడండి. ఒకే 12 వాట్లు అని రాసి ఉన్న రెండు లైట్లలో ఒకటి 900 ల్యూమెన్లు, ఇంకోటి 1300 ఇవ్వొచ్చు.

ప్రశ్న: మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఎంసీబీ తరచూ పడుతుంటే పక్కింటాయన 6 తీసేసి 16 ఆంపియర్లది పెట్టించుకోమన్నారు. ఆయన అలా చేశాక మళ్లీ పడలేదట. చేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. పడకపోవడం ఏం విశేషం, దాన్ని పడకుండా చేశారు కదా. ఎంసీబీ ఉన్నది లైటును కాపాడడానికో మిక్సీని కాపాడడానికో కాదు, గోడలో ఉన్న వైరును కాపాడడానికి. లైట్ల లైనులో సాధారణంగా 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉంటుంది, పైపులో నాలుగైదు వైర్లు కలిసి ఉన్నప్పుడు అవి మోసే కరెంటు ఇంకా తగ్గుతుంది. దానికి 16 పెడితే వైరు కాలుతున్నా ఎంసీబీ హాయిగా నిలబడి ఉంటుంది. పక్కింటాయనకు కూడా చెప్పండి, కోప్పడినా పర్లేదు. పెద్ద ఎంసీబీ కావాలంటే మొదట పెద్ద వైరు, ఆ తర్వాతే ఎంసీబీ. ఆ వైరు కూడా మొదటి నుంచి చివరి దాకా అదే సైజు ఉండాలి, మధ్యలో ఒక్క అడుగు సన్నది కలిసినా లెక్క దాని ప్రకారమే.

కొన్ని దేశాల్లో ఇళ్లకు 120 వోల్టులే వస్తుంది. అక్కడ ఉన్న పాఠకులు 15 ఆంపియర్ల లైనుకు 1800 వాట్లు అని, గంటల తరబడి వెలిగేవాటికి అందులో 80 శాతం అంటే 1440 అని లెక్కేసుకోండి. పద్ధతి అదే.

ప్రశ్న: వంటగది స్విచ్ బోర్డు ఒక మూల వెచ్చగా ఉంటోంది, అప్పుడప్పుడు కాలిన ప్లాస్టిక్ వాసన. కానీ ఎంసీబీ ఒక్కసారి కూడా పడలేదు కాబట్టి పర్వాలేదనుకుంటున్నాం. ఇంకో లైటు స్విచ్ ఇదే బోర్డులో పెట్టొచ్చా?

జవాబు: లైటు సంగతి తర్వాత, ఇవాళే ఆ బోర్డుకు వెళ్లే ఎంసీబీ దించేసి మనిషిని పిలిపించండి. ఇది లూజ్ కాంటాక్ట్. దీన్ని ఎంసీబీ పట్టుకోలేదు, ఎందుకంటే ఇక్కడ కరెంటు పెరగదు. స్క్రూ వదులైన చోటో, రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన చోటో కాస్త నిరోధం పుడుతుంది. అది ఒక్క ఓం ఉన్నా చాలు, 5 ఆంపియర్లు దాని గుండా వెళ్తే 25 వాట్ల వేడి ఆవగింజంత చోట పుడుతుంది. రేడియోలు రిపేరు చేసేవాళ్లు టంకం కరిగించే ఐరన్ కూడా 25 వాట్లదే, మీ బోర్డు లోపల అలాంటిది ఒకటి రోజూ వెలుగుతోందనుకోండి. వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

చాలామంది ఓవర్‌లోడుకు భయపడి ఇలాంటి జాయింట్లను వదిలేస్తారు. నాకైతే లోడు కంటే దీని గురించే ఎక్కువ టెన్షన్. కొత్త లైట్లు పెట్టించేటప్పుడు ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి ఒక్కటి మాత్రం అడగండి: జాయింట్లు ఎక్కడ వేస్తున్నారు, దేంతో వేస్తున్నారు అని. కనెక్టరుతో, తెరిచి చూడగలిగే బాక్సులో ఉండాలి. ఫాల్స్ సీలింగ్ పైన టేపు చుట్టి వదిలేస్తానంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: పాత ట్యూబ్‌లైట్ చట్రంలోనే ఎల్‌ఈడీ ట్యూబ్ పెట్టుకుంటే సరిపోతుందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: సరిపోతుంది గానీ ట్యూబు ఏ రకమో చూసుకోవాలి. కొన్ని ఉన్న చోక్‌తోనే పని చేస్తాయి, స్టార్టర్ బదులు వాళ్లిచ్చిన చిన్న ముక్క పెట్టాలి. కొన్నిటికి చోక్, స్టార్టర్ రెండూ తీసేసి ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) నేరుగా ఇవ్వాలి. ఈ రెండో రకంలో మళ్లీ ఒక్క చివరకే కరెంటు ఇచ్చేవి, రెండు చివరలకూ ఇచ్చేవి ఉన్నాయి. తప్పుగా కలిపితే షార్ట్ అవుతుంది, లేదా ఒక చివర పెట్టాక పట్టుకున్న రెండో చివర షాక్ కొట్టొచ్చు. డబ్బా మీది బొమ్మ చూడకుండా చెయ్యి పెట్టకండి. పాత చట్రం తుప్పు పట్టి ఉంటే అంత శ్రమ ఎందుకు, చట్రం, లైటు కలిసే వచ్చే ఎల్‌ఈడీ బ్యాటెన్ పెట్టేసుకోండి.

ప్రశ్న: రాత్రి లైట్లన్నీ ఆపేశాక వంటగదిలో కొత్త ఎల్‌ఈడీ బల్బు మిణుకు మిణుకుమంటూ కొద్దిగా వెలుగుతూనే ఉంది. పిల్లలు భయపడుతున్నారు, నాకేమో కరెంటు కాలుతోందని బాధ.

జవాబు: కాలే కరెంటు లెక్కలోకి రాదు, దానికి బాధపడకండి. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా వచ్చే చిటికెడు కరెంటుకే ఎల్‌ఈడీ వెలుగుతుంది. పక్కపక్కనే పొడుగ్గా వెళ్లే వైర్ల నుంచి కూడా కాస్త వస్తుంది. పాత ఫిలమెంటు బల్బుకు అది ఆనేది కాదు, ఎల్‌ఈడీకి ఆనుతుంది.

కానీ ఒక్కటి చూపించుకోండి, స్విచ్ ఫేజ్ మీద ఉందా న్యూట్రల్ మీద ఉందా అని. న్యూట్రల్ మీద ఉంటే స్విచ్ ఆపినా హోల్డరులో ఫేజ్ ఉన్నట్టే. స్విచ్ ఆపాం కదా అని బల్బు మార్చబోయే మనిషికి అది ప్రమాదం.

ప్రశ్న: ఐదు మీటర్ల 12 వోల్టుల స్ట్రిప్ రెండు కలిపి వంటగది మొత్తం తిప్పాను. చివరికొచ్చేసరికి వెలుతురు సగమే ఉంది. అడాప్టర్ కూడా బాగా కాలుతోంది.

జవాబు: రెండు స్ట్రిప్పులు ఒకదాని వెనక ఒకటి కలిపితే అంతే. మీటరుకు 10 వాట్లయితే పది మీటర్లకు 100 వాట్లు, 12 వోల్టుల మీద అది 8 ఆంపియర్ల పైమాట, ఆ పలచటి రాగి పట్టీ అంత మోయలేదు. వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. రెండిటికీ అడాప్టర్ దగ్గర నుంచి విడివిడిగా వైర్లు ఇవ్వండి, లేదా 24 వోల్టుల స్ట్రిప్‌కు మారండి, అదే వెలుతురుకు కరెంటు సగమే అవుతుంది. అడాప్టర్ సామర్థ్యం మీ స్ట్రిప్ కంటే కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలి. దాన్ని స్టవ్ పైన ఉన్న కబ్బోర్డులో మూసి పెట్టకండి, గాలి ఆడే చోట పెట్టండి. వీటి చావు ఎక్కువగా వేడి వల్లే. సింకు దగ్గర నీళ్లు చిమ్మే చోటైతే ఐపీ44 (నీటి చిమ్ములు తట్టుకునే స్థాయి) కంటే తక్కువ రకం వద్దు.

ప్రశ్న: అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టినా ఓనరు ఊరుకోరు. ఫ్రిజ్ వెనక సాకెట్టు నుంచి సన్న వైరు లాగి గట్టు మీద లైటు పెట్టుకోవచ్చా?

జవాబు: ప్లగ్గుతో వచ్చే తయారీ లైటు అయితే పెట్టుకోండి. సన్న వైరును ఆ సాకెట్టు వెనక నేరుగా కలపడం మాత్రం వద్దు, ఆ లైనుకు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉండి ఉంటుంది, మీ సన్న వైరు కాలిపోయినా అది పట్టించుకోకపోవచ్చు. మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే అది వేరే మాట. అంటించుకునే చార్జింగ్ లైట్లు కూడా కబ్బోర్డు కింద బాగానే పని చేస్తాయి, వారానికోసారి చార్జింగ్ పెట్టే ఓపిక ఉంటే.

అన్నట్టు, డబ్బు పెట్టకముందు ఉన్న లైటు కవరు ఓసారి విప్పి కడగండి. వంటగదిలో జిడ్డు పట్టిన కవరు ఎంత వెలుతురు మింగేస్తుందో కడిగాక గానీ తెలియదు.

ప్రశ్న: గ్రైండర్ వేయగానే వంటగది లైటు ఒక్క క్షణం తగ్గుతుంది. ప్రమాదమా?

జవాబు: ఒక్క క్షణం కొద్దిగా తగ్గి మళ్లీ మామూలైతే మోటారు మొదలయ్యేటప్పటి లాగుడు, కంగారు లేదు. గ్రైండర్ తిరిగినంతసేపూ తగ్గే ఉంటే ఎక్కడో లూజ్ ఉంది, లేదా వైరు సన్నది, చూపించండి. కొన్ని లైట్లు తగ్గుతూ వేరే గదిలో లైట్లు మామూలు కంటే ఎక్కువ వెలుగుతున్నాయంటే మాత్రం ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. మెయిన్ న్యూట్రల్ వదులైనప్పుడు అలా జరుగుతుంది, ఫ్రిజ్, టీవీ అన్నీ నిమిషాల్లో పోతాయి. కరెంటు ఆఫీసుకు అప్పుడే ఫోన్ చేయాలి.

ప్రశ్న: తెల్ల లైటా, పసుపు లైటా? ఇంట్లో రోజూ గొడవ.

జవాబు: 4000 కెల్విన్ (లైటు రంగును చెప్పే కొలత) తీసుకోండి, రెండిటికీ మధ్యది. 6500 నీలంగా కొడుతుంది, 2700 హాల్లో బాగుంటుంది గానీ గట్టు దగ్గర మసకగా అనిపిస్తుంది. దానికంటే సీఆర్ఐ అన్న అంకె ముఖ్యం, 90 పైన ఉంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకే వరసలో పెట్టే లైట్లన్నీ ఒకే రకం, ఒకేసారి కొనండి. తర్వాత ఒకటి పోయి వేరేది తెస్తే ఆ ఒక్కటీ తేడాగా కనపడి ఇంకో గొడవ మొదలవుతుంది. ఒకటి ఎక్కువ కొని దాచిపెట్టుకోండి.